టేకాఫ్ తర్వాత దారి తప్పే విమానాలు: తప్పు మొదలయ్యేది గేటు దగ్గరే

వానాకాలంలో శంషాబాద్ నుంచి విశాఖపట్నం బయల్దేరిన విమానాన్ని ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ పెట్టుకుని చూస్తే మొదట కాస్త కంగారు పుడుతుంది. విశాఖ ఉన్నది తూర్పున, విమానం లేచింది చేవెళ్ల వైపు. ఇంట్లో ఎవరో ఒకరు “ఇదేంటి, అటు పోతోంది?” అనేలోపు అది గుండ్రంగా తిరిగి దారిలో పడుతుంది. ఇందులో పొరపాటేమీ లేదు. విమానం వీలైనంతవరకు ఎదురుగాలిలోకే లేస్తుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి 27 నంబరు రన్‌వే వాడతారు. గాలి తూర్పుకు మారితే అదే రన్‌వేను రెండో కొస నుంచి 09 అంటారు, అప్పుడు విమానాలు ఆదిబట్ల, ఇబ్రహీంపట్నం వైపు లేస్తాయి. ఆ నంబర్లు దిక్సూచి డిగ్రీలే, చివరి సున్నా తీసేసి రాస్తారు. 270 పడమర, 090 తూర్పు.

తిరుమల కొండ మీదుగా విమానం వెళ్లిందన్నా మన దగ్గర వెంటనే గొడవ మొదలవుతుంది. అక్కడ నో-ఫ్లై జోన్ పెట్టమని టీటీడీ కేంద్రాన్ని అడుగుతూనే ఉంది. ఆ చర్చ వేరు. నేల మీద నుంచి విమానాల రాకపోకలను నడిపించే ఏటీసీ ఒప్పుకున్న దారిలో వెళ్లిన విమానం దారి తప్పినట్టు కాదు. దారి తప్పడం అంటే, పైలట్ తాను వెళ్తున్నాననుకున్న దారి ఒకటి, విమానం నిజంగా వెళ్తున్న దారి ఇంకొకటి కావడం. అది అరుదే. కానీ ఎన్నో గంటలు ఎగిరిన కెప్టెన్ల చేతుల్లోనూ జరుగుతుంది.

జరిగిందని తెలిశాక మనం వేసే మొదటి ప్రశ్న “గాల్లో ఏం చేశాడు?” అని. దర్యాప్తు నివేదికలు చదువుతూ పోతే ఆ ప్రశ్నే సరైంది కాదనిపిస్తుంది. చాలా సందర్భాల్లో తప్పు పడేది గేటు దగ్గర, విమానం కదలక ముందు, లోపల ప్రయాణికులు సీట్ల పైన బ్యాగులు సర్దుకుంటున్నప్పుడు. గాల్లో అది బయటపడుతుంది, అంతే.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ దారి సంగతి చూడాలి. పెద్ద విమానాశ్రయాల్లో ఒక్కో రన్‌వే నుంచి ఒక్కో దిక్కుకు ముందే గీసిపెట్టిన దారులుంటాయి. పైలట్లు వాటిని సిడ్ అంటారు. ఫలానా ఎత్తు వరకు నేరుగా వెళ్లు, ఫలానా పాయింట్ దగ్గర కుడికి తిరుగు, ఈ ఎత్తుకు పైగా దాటు, ఇలా ఉంటుంది ఆ దారి. పాయింట్లకు పలకడానికి వీలుగా ఐదేసి అక్షరాల పేర్లు ఉంటాయి, చాలావాటికి ఏ అర్థమూ ఉండదు. ఇవన్నీ విమానానికి దారి చూపే కంప్యూటర్, అంటే ఫ్లైట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ డేటాబేస్‌లో ముందే ఉంటాయి. 28 రోజులకోసారి ఆ డేటాబేస్ మారుతుంది. పైలట్ చేసేది జాబితాలోంచి రన్‌వేను, సిడ్‌ను ఎంచుకోవడం.

మన అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ తప్పితే ఏమవుతుంది? తిట్టుకుంటూ తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్తాం, పెట్రోలు దండగ. రోడ్డుకు అంచులున్నాయి, పక్క లేన్ బండి మన కంటికి కనిపిస్తుంది. ఆకాశంలో ఈ రెండూ లేవు. ఆధునిక సిడ్‌లలో తరచూ వాడే ప్రమాణం ప్రకారం, ప్రయాణ సమయంలో 95 శాతం సేపు విమానం, ముందే గీసిపెట్టిన గీతకు అటూ ఇటూ ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్ల లోపల ఉండాలి. పదివేల అడుగుల కింద మామూలుగా ఉండే వేగ పరిమితి 250 నాట్లు. ఆ వేగంతో నిమిషానికి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. “ఇదేంటి ఇటు తిరుగుతోంది” అని ఇద్దరూ తెర వంక చూసి, ఒకరినొకరు అడిగి తేల్చుకునే అర నిమిషంలో నాలుగు కిలోమీటర్లు అయిపోతాయి.

హైదరాబాద్ చుట్టూ ఆకాశం కింది నుంచి చూసినంత ఖాళీ కూడా కాదు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలయ్యాక ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలేశాయి గానీ, బేగంపేట పని ఆగలేదు. వీఐపీల విమానాలు, శిక్షణ విమానాలు అక్కడ తిరుగుతూనే ఉన్నాయి. ఉత్తరాన హకీంపేటలో, దుండిగల్‌లో వైమానిక దళం కుర్రాళ్లు విమానం నడపడం నేర్చుకుంటారు. వాయవ్యాన బీదర్‌లో ఇంకో వైమానిక స్థావరం ఉంది. శంషాబాద్ నుంచి లేచే విమానానికి గీసిన దారులు వీటన్నిటికీ చోటు వదులుతూ గీసినవి. కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగితే ఇంకొకరి చోట్లోకి వెళ్తున్నట్టే.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. ఇద్దరు పైలట్లలో ఒకరు కంప్యూటర్లోకి దారి ఎక్కిస్తారు, ఇంకొకరు దాన్ని కాగితంతో, చార్టుతో సరిచూస్తారు. ఆ సమయంలోనే ఇంధనం లెక్క వస్తుంది, బరువుల లెక్క చెప్పే లోడ్‌షీట్ వస్తుంది, క్యాబిన్ సిబ్బంది తలుపు దగ్గర నిలబడి ఏదో అడుగుతారు, ఒక ప్రయాణికుడు తక్కువ పడ్డాడని గ్రౌండ్ స్టాఫ్ చెబుతారు. అంతా అయ్యాక గాలి మారుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో హైదరాబాద్‌లో ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలి దిక్కు మారడం మనకు కొత్త కాదు. అప్పటిదాకా 09 అనుకున్నది 27 అవుతుంది. టవర్‌కు అది ఒక్క వాక్యం. కాక్‌పిట్‌లో మాత్రం రన్‌వే మార్చాలి, సిడ్ మార్చాలి, టేకాఫ్ వేగాలు మళ్లీ లెక్కపెట్టాలి, ఏ వైపు తిరుగుతామో మళ్లీ చెప్పుకోవాలి. ఇదంతా కొన్నిసార్లు విమానం రన్‌వే వైపు నేల మీద నడుస్తుండగానే జరుగుతుంది. కంప్యూటర్‌లో రన్‌వే మార్చి సిడ్ మార్చడం మరిచిపోవచ్చు, లేదా కొత్త సిడ్‌కూ ఆ తర్వాతి దారికీ మధ్య తెగిన చోటును కలపకుండా వదిలేయవచ్చు. వెనక నుంచి కంపెనీ ఆన్-టైమ్ లెక్క తరుముతుంటుంది. నన్నడిగితే ఈ సమస్యలో సగం, ఆఖరి నిమిషంలో చెప్పే ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. మార్పు తప్పదన్నప్పుడు, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదటి నుంచి చూసుకునే పైలట్‌ను ఆలస్యం లెక్కలో నిలదీయకూడదు.

కంప్యూటర్‌కు తప్పు దారి ఇచ్చారే అనుకుందాం. ఎయిర్‌బస్ ఏ320లో దారి ఎక్కించి ఉంటే, నేల నుంచి 30 అడుగులు లేవగానే ఆ దారిని పట్టుకుని నడిపించే నావ్ మోడ్ పనిలోకి వస్తుంది. ఆ క్షణం నుంచి విమానం ఆ దారికి నూటికి నూరుపాళ్లు విధేయంగా ఉంటుంది. తప్పు దారిని కూడా అంతే చక్కగా, ఏ కుదుపూ లేకుండా, సరైన వంపుతో నడుపుతుంది. యంత్రం తడబడితే మనిషికి అనుమానం వస్తుంది. తడబడకుండా తప్పు చేస్తే రాదు. పైగా ఆ రెండు మూడు నిమిషాల్లో చక్రాలు లోపలికి తీయాలి, ఇంజిన్ శక్తి తగ్గించాలి, ఫ్లాప్‌లు ముడవాలి, టవర్ నుంచి డిపార్చర్ రాడార్ ఫ్రీక్వెన్సీకి మారాలి. పదివేల అడుగులు దాటేదాకా కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాటలు ఉండకూడదన్న నియమం అందుకే పెట్టారు.

ఇది ఎంత దూరం పోగలదో 2015 మార్చి 10న సిడ్నీలో తెలిసింది. ఎయిర్‌ఏషియా ఎక్స్ వారి ఏ330 విమానం కౌలాలంపూర్‌కు బయల్దేరుతోంది. మామూలుగా కెప్టెన్ కిందికి దిగి విమానం చుట్టూ తిరిగి చూస్తాడు, ఫస్ట్ ఆఫీసర్ లోపల కూర్చుని కంప్యూటర్ పని చేస్తాడు. ఆ రోజు కెప్టెన్‌కు చెవులకు పెట్టుకునే రక్షణ దొరకలేదు. దాంతో పనులు మార్చుకున్నారు. కెప్టెన్ లోపల ఉండి, విమానం ఎక్కడుందో తెలిపే రేఖాంశాన్ని చేత్తో కొట్టాడు. కొట్టాల్సింది 15109.8 తూర్పు, అంటే 151 డిగ్రీల 9.8 నిమిషాలు. కొట్టింది 01519.8. పదిహేను డిగ్రీల 19.8 నిమిషాలు. దాంతో సిడ్నీ గేటు దగ్గర నిలబడిన విమానం తాను ఆఫ్రికా దక్షిణ కొసన, కేప్‌టౌన్ దగ్గర ఉన్నానని నమ్మింది. తేడా పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు.

అంత తేడాను యంత్రం ఎందుకు ఒప్పుకుంది? విమానంలోని ఇనర్షియల్ వ్యవస్థ కదలకుండా ఉన్నప్పుడు భూమి తిరగడాన్ని గైరోలతో గుర్తిస్తుంది. దాన్నిబట్టి ఉత్తర దిక్కు ఏదో, తాను ఏ అక్షాంశం మీద ఉందో సొంతంగా లెక్క కట్టుకోగలదు. అక్షాంశం తప్పు కొడితే ఒప్పుకోదు. రేఖాంశం మాత్రం దానికి తెలిసే దారి లేదు, ఎందుకంటే ఒకే అక్షాంశం మీద ఏ చోట నిలబడినా భూమి తిరగడం ఒకేలా కనిపిస్తుంది. సిడ్నీ, కేప్‌టౌన్ రెండూ దక్షిణాన దాదాపు 34 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. తప్పు సరిగ్గా యంత్రానికి చూపు లేని చోట పడింది. జీపీఎస్‌తో పోల్చి ఈ తప్పును ఆపగల కొత్త రకం వ్యవస్థ ఆ విమానంలో లేదు. ఏదో తేడా ఉందని చెప్పే శబ్దాలు, సందేశాలు బయల్దేరే ముందే వచ్చాయి. సిబ్బంది వాటిని గమనించలేదు, లేదా పట్టించుకోలేదు.

లేచాక ఆటోపైలట్ వేయగానే విమానం ఎడమకు తిరిగి, పక్క సమాంతర రన్‌వే నుంచి బయటికెళ్లే దారికి అడ్డంగా పోయింది. అది చూసి ఏటీసీ అడిగింది. సరిచేద్దామని కంప్యూటర్లను ఆపి మళ్లీ వేసే ప్రయత్నంలో, అప్పటిదాకా పనిచేస్తున్న వ్యవస్థలు కూడా కొన్ని పోయాయి. సిడ్నీలో మబ్బు కిందికి దిగి ఉండటంతో అక్కడికి వెనక్కి రావడం కుదరలేదు. వాతావరణం బాగున్న మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లి, కళ్లతో చూస్తూ దించారు. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రయాణికులు కౌలాలంపూర్ చేరేసరికి దాదాపు ఆరు గంటలు ఆలస్యమైంది. ఇదంతా ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ నివేదికలో ఉంది. నాకు అందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అంకెల తారుమారు కాదు, చెవుల రక్షణ దొరకకపోవడం. అలవాటైన పని చేతులు మారింది. సరిచూడాల్సిన మనిషి బయట విమానం చుట్టూ తిరుగుతున్నాడు.

సరిచూడటం అనే మాట దగ్గర ఇంకో ఘటన చెప్పాలి. 1989 సెప్టెంబరు 3న బ్రెజిల్‌లో వారిగ్ సంస్థ బోయింగ్ 737 ఒకటి మరాబా నుంచి బెలెం వెళ్లాలి. బెలెం ఉత్తరాన ఉంది. కంపెనీ కొత్తగా మార్చిన ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద దిక్కు 0270 అని ఉంది. చివరి అంకె డిగ్రీలో పదో వంతు, అంటే 27.0 డిగ్రీలు. కెప్టెన్ దాన్ని 270గా చదివి పడమటికి పెట్టాడు. కో-పైలట్ తన వైపు దిక్కును కాగితం చూసి పెట్టలేదు, కెప్టెన్ పెట్టింది చూసి పెట్టాడు. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ సరైనవే అనుకున్నారు. ఎదురుగా సూర్యుడు అస్తమిస్తున్నా ఉత్తరానికే వెళ్తున్నామనుకున్నారు. చివరికి ఇంధనం అయిపోయి అమెజాన్ అడవిలో దించాల్సి వచ్చింది. చాలామంది బతికారు, కొందరు చనిపోయారు. పక్కవాడి పేపర్ చూసి రాసినదాన్ని రెండో అభిప్రాయం అనలేం. కాక్‌పిట్‌లో ఇద్దరు ఉండటం వల్ల వచ్చే రక్షణ, ఇద్దరూ విడివిడిగా మూలాన్ని చూసినప్పుడే ఉంటుంది. కెప్టెన్ పెట్టిన అంకెను “సార్, ఇది తప్పు” అనడానికి జూనియర్ మొహమాటపడే చోట, అంటే మనలాంటి చోట, దీన్ని ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి.

సమాంతర రన్‌వేలు ఉన్నచోట ప్రమాదం ఇంకా దగ్గరికొస్తుంది. అమెరికాలో అట్లాంటా లాంటి విమానాశ్రయాల్లో పక్కపక్క రన్‌వేల నుంచి ఒకేసారి రెండు విమానాలు లేస్తాయి, ఒకటి ఎడమకు, ఇంకొకటి కుడికి విడిపోతాయి. కంప్యూటర్‌లో పక్క రన్‌వే పెట్టుకున్న విమానం లేచీ లేవగానే పక్కదాని వైపు తిరుగుతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు చాలా చిన్నది. టేకాఫ్ అనుమతిలోనే మొదటి పాయింట్ పేరు చేర్చారు: “ఆర్‌నావ్ టు ఫలానా పాయింట్, రన్‌వే ఫలానా, క్లియర్డ్ ఫర్ టేకాఫ్.” ఆర్‌నావ్ అంటే కంప్యూటర్‌లోని పాయింట్లను పట్టుకుని వెళ్లే పద్ధతి. పైలట్ ఆ పేరును తన తెర మీద ఉన్నదానితో పోల్చుకుని తిరిగి చెప్పాలి. కలవకపోతే ఇంకా నేల మీదే ఉన్నారు, ఆగి అడగొచ్చు. గేటు దగ్గర పడిన తప్పును రన్‌వే మొదట్లో పట్టుకునే ఆఖరి వల అన్నమాట. కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.

వేలు చేసే తప్పులు ఒక రకం, చెవి చేసేవి ఇంకో రకం. వినాలనుకున్నదే వినడం మనిషి లక్షణం. అంకెలు దగ్గరగా ఉన్న రెండు విమానాలు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే, ఒకరికి చెప్పిన మలుపును ఇంకొకరు తీసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే పైలట్ విన్నదాన్ని తిరిగి చెప్పాలి, కంట్రోలర్ దాన్ని శ్రద్ధగా వినాలి. అయితే మూలంలోనే తప్పుంటే? 2016 డిసెంబరు 16న లాస్ ఏంజెలెస్‌లో ఈవా ఎయిర్ బోయింగ్ 777 అర్ధరాత్రి దాటాక లేచింది. దాన్ని కుడికి తిప్పాల్సిన కంట్రోలర్ ఎడమకు అన్నారు. పైలట్లు చెప్పిందే చేశారు. ఎదురుగా కొండలు. సరిచేసే గందరగోళంలో ఆ విమానం మౌంట్ విల్సన్ శిఖరానికి ప్రమాదకరంగా దగ్గరికి వెళ్లింది. మన పక్కనే బెంగళూరులో 2022 జనవరి 7న రెండు ఇండిగో విమానాలు రెండు సమాంతర రన్‌వేల నుంచి దాదాపు ఒకేసారి లేచి ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. ఒకే రన్‌వే వాడాలన్న నిర్ణయం ఒక కంట్రోలర్‌కు చేరలేదు. రాడార్ కంట్రోలర్ చూసి విడదీశారు. ఈ రెండింటిలోనూ పైలట్ దారి తప్పలేదు, దారే తప్పింది. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే వార్త.

విమానాలు ఢీకొనకుండా పైలట్లను హెచ్చరించే టీక్యాస్ అనే పరికరం విమానంలోనే ఉంది కదా అంటారు. ఉంది. 1996 నవంబరు 12న ఢిల్లీ నుంచి అప్పుడే లేచిన సౌదీ విమానం, దిగుతున్న కజకిస్తాన్ విమానం చర్ఖీ దాద్రీ దగ్గర ఢీకొని 349 మంది చనిపోయాకే మన దేశంలో దాన్ని తప్పనిసరి చేశారు. కానీ అది “పైకి పో, కిందికి పో” అనే చెబుతుంది. కుడి, ఎడమ చెప్పదు. పైగా నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపల ఉన్నప్పుడు ఆ ఆదేశాలు కూడా ఇవ్వదు. లేచిన మొదటి నిమిషంలో దాని మీద పెట్టుకోగల భరోసా తక్కువ.

అన్ని తప్పులూ వెంటనే కనిపించేంత పెద్దవి కూడా కావు. ఒక డిగ్రీ తేడా 60 నాటికల్ మైళ్లకు ఒక మైలు అవుతుంది. 1983లో కొరియన్ ఎయిర్ 007 అలాస్కాలోని యాంకరేజ్ నుంచి లేచిన పది నిమిషాలకే దారికి ఉత్తరంగా జరగడం మొదలుపెట్టింది. ఆటోపైలట్ ఇనర్షియల్ దారిని పట్టుకోకుండా దిక్సూచి దిక్కు మీదే ఉండిపోయిందని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తేల్చింది. ఏ320లో కూడా దీనికి పోలిక ఉంది. దిక్కు తిప్పే నాబ్‌ను నొక్కితే కంప్యూటర్ దారి, లాగితే పైలట్ పెట్టిన దిక్కు. ఏది నడుస్తోందో తెర పైభాగంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదివితేనే తెలుస్తుంది. కొరియన్ విమానం మొదట్లో కొన్ని మైళ్లే తప్పింది. గంటలు గడిచేసరికి వందల కిలోమీటర్లు పక్కకు జరిగి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. యుద్ధ విమానం కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ తర్వాతే, జీపీఎస్ పూర్తయ్యాక దాన్ని పౌర విమానాలకు కూడా ఉచితంగా ఇస్తామని అమెరికాలోని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడు మన ఫోన్‌లో అమీర్‌పేట సందులు చూపిస్తున్నది ఆ వ్యవస్థే.

ఆ జీపీఎస్సే ఇప్పుడు కొత్త తలనొప్పి. ఎవరో దొంగ సిగ్నల్ పంపిస్తే విమానం తాను లేని చోట ఉన్నానని నమ్ముతుంది. దీన్ని స్పూఫింగ్ అంటారు. సిడ్నీలో కెప్టెన్ వేలు చేసిన పనిని ఇక్కడ బయటి మనిషి చేస్తాడు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతాల్లో ఇలాంటివి 465 నమోదయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 నవంబరులో ఢిల్లీ దాకా వచ్చింది. డిసెంబరులో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన జవాబులో ఇలాంటి జోక్యం కనిపించిన విమానాశ్రయాల్లో హైదరాబాద్ పేరు కూడా ఉంది. అనుమానం వస్తే పది నిమిషాల్లో చెప్పాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అంతకుముందే ఆదేశించింది.

ఇలాంటప్పుడు పైలట్‌కు మిగిలేవి పాత సాధనాలే: ఇనర్షియల్ వ్యవస్థ, నేల మీద నుంచి పనిచేసే వీఓఆర్, డీఎంఈ రేడియోలు, ఏటీసీ రాడార్. శాటిలైట్లు వచ్చాక వీటిని పాతకాలపు ఖర్చుగా చూసి చాలా దేశాలు తగ్గించుకుంటూ వచ్చాయి. మన దేశం వీటిలో కనీస సంఖ్యను నడుపుతూనే ఉంటుందని అదే జవాబులో మంత్రి చెప్పారు. ఢిల్లీలో ఇబ్బంది వచ్చిన రోజుల్లో కూడా నేల మీది సాధనాలున్న రన్‌వేలపై విమానాలు మామూలుగానే దిగాయి.